స్టిక్కరు లేని అత్తగారు

స్టిక్కర్ల చుట్ట చేతికి తొడుక్కున్న మనిషి మూడో బంకరు దగ్గరికి వచ్చేసరికి ఉదయం పదకొండయింది. అప్పటికి రెండు రోజులుగా అతను విద్యుత్ కేంద్రమంతా తిరుగుతున్నాడు. బాయిలరుకు, టర్బైనుకు, పంపులకు, చివరికి మెట్ల కింద ఉన్న ఇసుక బకెట్లకు కూడా ఒక్కో నంబరు అతికించాడు. కేంద్రాన్ని పాత కంపెనీ అమ్మేస్తోంది. కొనేవాళ్లకు ఏమేం వెళ్తున్నాయో రిజిస్టరులో రాసుంది. రాసున్న ప్రతిదాన్నీ కంటితో చూసి, చేత్తో తాకి, స్టిక్కరు వేయడం అతని పని.

బొగ్గు విభాగంలో షిఫ్టు చూసే ఇంజనీరమ్మ అతనికి దారి చూపిస్తోంది. మూడంతస్తుల మేడంత ఎత్తున ఐదు ఉక్కు బంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. పైనుంచి బెల్టు వాటిలో బొగ్గు పోస్తుంది. కింద, గరాటు మూతి దగ్గర ఇంకో చిన్న బెల్టు ఆ బొగ్గును కొద్దికొద్దిగా తీసుకుని మిల్లులోకి వదులుతుంది. మిల్లు దాన్ని మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా విసిరి బాయిలరులోకి ఊదుతుంది. తొమ్మిదేళ్లుగా చూస్తున్నా, ఇంత మోటు రాయి అంత సన్నటి మంటగా మారడం ఆమెకు ఇంకా వింతగానే ఉంటుంది.

అతను మూడో బంకరుకు స్టిక్కరు వేశాడు. కింది బెల్టుకు వేశాడు. ఆ పక్కనున్న దాని ముందు ఆగిపోయాడు.

నడుమెత్తున ఒక ఇరుసుకు పాత రైలు పట్టా ముక్క వేలాడుతోంది. పక్కన చిన్న మోటారు, దానికి కోడిగుడ్డు ఆకారంలో ఒక చక్రం. చక్రం తిరిగినప్పుడల్లా పట్టా ముక్కను వెనక్కి లాగి వదిలేస్తుంది. అది పోయి బంకరు పొట్టకు అతికిన మందపాటి రేకు మీద పడుతుంది. నిమిషానికి మూడు దెబ్బలు.

"ఇదేంటి?"

"అత్తగారండి," అన్నాడు బెల్టు దగ్గరి మనిషి.

"ఎవరి అత్తగారు?"

"అందరికీనండి. ఎవర్నీ కూర్చోనివ్వదు. లోపల బొగ్గు గోడకి చేరబడి కునుకు తీద్దామనుకుంటే పొడిచి లేపుతుంది."

అతను నవ్వలేదు. రిజిస్టరు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "ఇందులో లేదే."

"ఇక్కడ ఉందిగా," అంది ఇంజనీరమ్మ.

"ఉంటే సరిపోదమ్మా. ఎవరు కొన్నారు? ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు. బాబాయ్ చేశాడు."

బాబాయ్ అప్పటిదాకా స్తంభం పక్కన నిలబడి, గుడ్డపీలికతో వేళ్ల సందులు తుడుచుకుంటున్నాడు. ఆయన్ని అందరూ సుత్తి బాబాయ్ అంటారు. ఎవరి బుర్రా తినడు, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరు. మూడో బంకరు కట్టినప్పుడే ఒక గోడ వాలు తక్కువ పడింది. వానాకాలం తడి బొగ్గు ఆ గోడకు పట్టేసేది, యూనిట్ ఆగిపోయేది. తుక్కులో పడేసిన సామానుతో ఆయన దీన్ని చేసి పెట్టిన దగ్గర్నుంచి ఆగలేదు.

స్టిక్కర్ల మనిషి ఆయన వైపు ఒకసారి, పట్టా ముక్క వైపు ఒకసారి చూశాడు. "చూడండి, రిజిస్టరులో లేనిది అమ్మకంలో లేదు. అమ్మకంలో లేనిది అప్పగించేటప్పుడు ఇక్కడ కనపడకూడదు. తీయించండి."

ఆమె మేనేజరు గదికి వెళ్లింది. ఆయన బల్ల మీద కాగితాలు ఎంత ఎత్తున ఉన్నాయంటే, ఆయన కళ్లద్దాలు మాత్రమే కనిపించాయి.

"సార్, ఎల్లుండి నుంచి డెబ్బై రెండు గంటలు ఆపకుండా నడిపి చూపించే పరీక్ష. ఇప్పుడు దాన్ని తీసేస్తే ఎలా? వాన పడితే..."

"మూడు రోజులే కదమ్మా. వాన పడదు."

"ఎవరు చెప్పారు సార్?"

"నేనే చెప్తున్నా." కాగితాల మీద నుంచి తల ఎత్తాడు. "లెక్కలో లేని వస్తువు ఉందని వాళ్లు సంతకం ఆపితే, ఇంతమందికీ ఉద్యోగాలు ఆగుతాయి. సాయంత్రానికి తీయించు. అన్నట్టు నోటీసు బోర్డు చూశావా? కొత్తవాళ్లు తీసుకునే మనుషుల జాబితా పెట్టారు. నీ పేరుంది, కంగారు పడకు."

ఆమె బోర్డు దగ్గర తన పేరు కోసం వెతకలేదు. ఫిట్టర్ల వరస చూసింది. వేలు పెట్టి పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చూసింది. బాబాయ్ లేడు. చిమ్నీ సగమెత్తు లేచినప్పుడు కూలిపనికి వచ్చినవాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన కార్డు మీద 'తాత్కాలికం' అనే ఉంది. ఈ ఇరవై ఆరేళ్లలో ఎవరూ ఆ మాట కొట్టేయలేదు.

*

విప్పే పని బాబాయ్ ఇంకెవర్నీ చేయనివ్వలేదు. ముందు ప్రతి జాయింటు మీదా సుద్దతో గీత పెట్టాడు. బోల్టులు ఒకే వరసలో విప్పి, విప్పినవాటిని అదే వరసలో పాత గోనెపట్టా మీద పేర్చాడు. మోటారు నుంచి కింది బెల్టు ప్యానెల్‌లోకి వెళ్తున్న సన్నటి తీగను ఊడదీసి, చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. పట్టా ముక్కను భుజానికి ఆనించి దించేటప్పుడు మాత్రం మెడనరాలు ఉబ్బాయి. ఆమె చేయి వేయబోయింది.

"జరుగమ్మా. కాళ్లమీద పడిందంటే ఇంట్లో మీ అత్తగారు నన్ను తిడతారు."

"బాబాయ్, జాబితా చూశారా?"

"చూళ్లా. చూసినోళ్లు చెప్పారు." దేనికి ఎంత గ్రీజు కావాలో అంత రాస్తున్నాడు. మళ్లీ రేపు బిగించబోయేవాడిలా రాస్తున్నాడు. "దీనికీ నాకూ స్టిక్కరు లేదమ్మా. ఒకేసారి దిగుతున్నాం. తోడుంది, మంచిదే."

దాన్ని ఇంటికైనా తీసుకెళ్లమని ఆమె గేటు పాసు రాయబోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫారం మీద పెన్ను పెట్టి ఆగిపోయాడు. "వస్తువు నంబరు?"

"నంబరు లేదు."

"నంబరు లేకపోతే కంపెనీది కాదు మేడం."

"కాదు. అందుకే బయటికి పంపుతున్నాం."

"కంపెనీది కానిదానికి కంపెనీ పాసు ఎలా ఇస్తుందండి? లోపలికి వచ్చినప్పటి చీటీ ఉందా?"

"లోపలే పుట్టింది."

సెక్యూరిటీ అతను పెన్ను మూత పెట్టేశాడు. "అయితే లోపలే ఉండాలండి."

లోపల ఉండకూడదు, బయటికి పోకూడదు. చివరికి దాన్ని మెట్ల కింద పెట్టి టార్పాలిన్ కప్పారు. కప్పి వస్తూ బాబాయ్ ఒక అంచు గాలికి లేవకుండా ఇటుక పెట్టాడు.

క్వార్టర్సులో ఆ సాయంత్రం ఆమె ఇదంతా చెబుతుంటే అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతోంది. కొడుకు పోయి ఏడాదిన్నర. ఆ ఇంట్లో కోడలూ తనూ మిగిలారు. కోడలు డ్యూటీ నుంచి రాగానే ఫ్యాక్టరీలో సంగతులన్నీ అడిగి చెప్పించుకోవడం ఆవిడకు అలవాటైంది. లేకపోతే సాయంత్రాలు గడవవు.

"నా పేరు పెట్టుకున్నదాన్ని తీసి మెట్ల కింద పడేశారా? హవ్వ! నన్నూ అలాగే పడేస్తావేమిటే?"

"మిమ్మల్ని తీయాలంటే నాకూ పాసు దొరకదు అత్తయ్యా."

ఆవిడ నవ్వింది. నవ్వు మధ్యలో ఆపి, చేతిలో తువ్వాలు మడత సరిచేసింది. "మరి ఆయన?"

"రేపటితో కార్డు అయిపోతుంది."

"నువ్వేం చేయలేవా?"

ఆమె మడతపెట్టిన బట్టలు తీసుకెళ్లి బీరువాలో పెట్టింది.

*

పరీక్ష మొదలైన రోజు బాగానే గడిచింది. కంట్రోల్ రూంలో, ఎంత కరెంటు పుడుతోందో చూపే గీత తెర మీద దారం లాగి కట్టినట్టు తిన్నగా నడిచింది. రెండో రోజు తెల్లవారుతూనే వాన మొదలైంది. బొగ్గు గుట్టల మీద నీళ్లు నల్లగా పారుతున్నాయి. బెల్టు మీద వచ్చే బొగ్గు ముద్దలు ముద్దలుగా, బురద పట్టిన చెప్పుల్లా ఉంది.

ఏడు గంటలకు ఆమె డ్యూటీలోకి వచ్చిన కాసేపటికే మూడో బంకరు కింద బెల్టు ఖాళీగా తిరగసాగింది. పైన నిండా బొగ్గు ఉంది, కింద ఒక్క పలుకూ రాలడం లేదు. ఖాళీ బెల్టు దానంతటదే ఆగిపోయింది. ఆ మిల్లు నిలిచిపోయింది. మిగిలిన నాలుగు బంకర్లతో కరెంటు ఎలాగోలా నిలబడుతుంది, కానీ ఇంకొకటి ఆగితే గీత కిందికి పడుతుంది. పరీక్ష మొదటికొస్తుంది. కొనేవాళ్లు వెనక్కి తగ్గడానికి అది చాలు.

"సుత్తులు తీసుకోండి," అంది. నలుగురు మనుషులు నాలుగు వైపులా నిలబడి బంకరు పొట్ట మీద కొట్టడం మొదలుపెట్టారు. అత్తగారు ఏం చేసేదో అదే చేస్తున్నాం అనుకుంది. గట్టిగా కొట్టించింది. ఇంకా గట్టిగా అంది. అరగంటయ్యేసరికి ఉక్కు మోత మారింది. మొదట్లో డొల్లగా మోగింది ఇప్పుడు బండను కొట్టినట్టు మోగుతోంది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. కొట్టేవాళ్లు ఆమె మొహం చూస్తున్నారు.

ఆమె బాబాయ్‌కి ఫోన్ చేసింది.

ఆయన తడిసిన గొడుగుతో గేటు దగ్గరికి వచ్చాడు. కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. ఇరవై ఆరేళ్లు తెరుచుకున్న గేటు తెరుచుకోలేదు. సెక్యూరిటీ అతను తలదించుకుని సందర్శకుల పుస్తకం బయటికి తోశాడు.

"నేను చేయగలిగింది ఇదే బాబాయ్. ఎవర్ని కలవాలి అనే దగ్గర ఇంజనీరమ్మ గారని రాయండి. పని?"

బాబాయ్ గొడుగు ముడిచాడు. "సొంత పని అని రాయి."

మూడో బంకరు దగ్గరికి వచ్చి ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. అరచెయ్యి గరాటు మీద ఆనించాడు. చెయ్యి మెల్లగా పైకి జరుపుతూ, ఒకచోట ఆపి, వేళ్ల కణుపులతో తట్టాడు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"బెల్టు ఆగాక కొట్టారా?"

"కొట్టాం."

"ఎంతసేపు?"

"అరగంట. నేనే కొట్టించాను."

ఆయన తిట్టలేదు. జేబులోంచి ఆ సన్నటి తీగ చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ఎందుకుందో నువ్వు ఎప్పుడూ అడగలా. నేనూ చెప్పలా. తప్పు సగం నాది. కింద బెల్టు తిరుగుతుంటేనే అత్తగారికి కరెంటొస్తది. దారుంటే, కొడితే బొగ్గు దిగుతుంది. దారి మూసి కొడితే ఎటు పోతుంది? ఒకదాన్నొకటి కావలించుకుని కూర్చుంటది. ఇప్పుడది బొగ్గు కాదు, గోడ."

ఆమె తీగను పిడికిట్లో బిగించింది. చదువుకున్న పుస్తకాల్లో ఈ మాట ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ క్షణాన ఒక్క పుటా గుర్తు రాలేదు.

"సుత్తులు కింద పెట్టండ్రా," అన్నాడు బాబాయ్. "ఖాళీ బెల్టు తిప్పండి."

గరాటు పక్కన పిడికిలి పట్టేంత రంధ్రం ఉంది. దాని మూత తీసి, రెండు నిలువుల పొడవున్న ఇనుప కడ్డీ లోపలికి దూర్చాడు. పైన కాదు, అన్నిటికంటే కింద మొదలుపెట్టాడు. పొడవడు. కడ్డీ కొనను ఆనించి, మణికట్టు తిప్పి, చెంచాతో గీకినట్టు గీకుతాడు. దోసెడు బొగ్గు రాలుతుంది. ఆగుతాడు. చెవి ఉక్కుకు ఆనిస్తాడు. మళ్లీ గీకుతాడు. చెమటా బొగ్గుపొడీ కలిసి మెడ మీద నల్లటి గీతలు దిగుతున్నాయి. ఎవరో కడ్డీ అందుకోబోతే తల అడ్డంగా ఊపాడు.

తొమ్మిదిన్నరకు ఐదో బంకరు దగ్గరి మనిషి పరుగెత్తుకొచ్చాడు. "మేడం, అక్కడ కూడా సన్నబడుతోంది!"

ఆమె బాబాయ్‌ని చూసింది. ఆయన కడ్డీ వదల్లేదు.

"బెల్టు తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే పరుగెత్తు. సుత్తి నువ్వే పట్టు, ఎవరికీ ఇవ్వకు. మూతికి మూరెడు పైన. మూడు దెబ్బలు కొట్టు, ఆగు, విను. రాలితే ఆపేయ్. ఆశపడి నాలుగోది కొట్టకు."

ఆమె కొట్టింది. మొదటి దెబ్బకు సుత్తి వెనక్కి ఎగిరి భుజం పట్టేసినంత పనైంది. మూడు కొట్టి, చెవి ఆనించింది. లోపల ఎక్కడో, ఇంటి మీద పిట్ట నడిచినట్టు గరగర. తర్వాత ఒక్కసారిగా బరువుగా జారిన చప్పుడు. కింద బెల్టు మీద బొగ్గు నిండుగా వచ్చింది. ఇంకొక్కటి వేద్దామని చేతులు లేచాయి. దించేసింది.

అప్పట్నుంచి మధ్యాహ్నందాకా ఆమె ఐదో బంకరుకూ మూడోదానికీ మధ్య తిరుగుతూనే ఉంది. ప్రతిసారీ బాబాయ్ కడ్డీ ఒక జానెడు పైకి జరిగి కనిపించేది. పన్నెండు దాటాక, లోపల పెద్ద తలుపు తెరుచుకున్నట్టు శబ్దమైంది. బాబాయ్ కడ్డీ వదిలి పక్కకు దూకాడు. మూడో బంకరు నుంచి బొగ్గు ధారగా దిగింది. మనుషులు కేకలు వేశారు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. తెరుచుకోవడం లేదు. ఆమె టీ గ్లాసు ఆయన నోటికి అందించింది.

"ఇదెవరికీ చెప్పకు," అన్నాడు రెండు గుక్కలు తాగి.

"ఏది?"

"కొట్టించింది. తడి బొగ్గు, పట్టింది, విడిపించాం. అంతే."

*

నాలుగో రోజు ఉదయం పరీక్ష ముగిసింది. గీత ఒక్కచోట తప్ప ఎక్కడా వంగలేదు. కొత్త కంపెనీ సాంకేతిక అధికారి, నెరిసిన జుట్టు పెద్దావిడ, బూట్లకు బురదతోనే మేనేజరు గదిలో కూర్చుని ఆ గీతను కాగితం మీద పరిశీలిస్తోంది.

"ఇక్కడ ఈ చిన్న గొయ్యి ఏమిటి? ఒక మిల్లు ఐదు గంటలు ఆగింది."

"తడి బొగ్గు మేడం," అన్నాడు మేనేజరు. "మా ఇంజనీరమ్మ దగ్గరుండి విడిపించింది. ఇంకొకరైతే యూనిట్ కూర్చునేది. అందుకే బొగ్గు విభాగం మొత్తానికీ ఇన్‌చార్జిగా ఈ అమ్మాయి పేరు రాశాను."

పెద్దావిడ తల పైకెత్తి, ఎదురుగా కూర్చున్న ఇంజనీరమ్మను చూసి చిరునవ్వు నవ్వింది. "మంచి పని చేశారు."

ఊ అంటే చాలు. ఇంట్లో అత్తగారు ఎంత సంబరపడుతుందో ఆమెకు తెలుసు. ఒళ్లో పెట్టుకున్న తన చేతులు చూసుకుంది. సుత్తి పట్టిన చోట బొబ్బ చితికి ఉంది. అది నిజంగా తను చేసిన పనే. అందుకే ఆ మాటకు ఊ అనడం తేలికగా ఉంది. అందుకే నోరు రావడం లేదు.

"విడిపించింది నేను కాదండి. బిగించింది నేను."

మేనేజరు కళ్లద్దాలు తీశాడు.

ఆమె వరసగా చెప్పింది. బెల్టు ఆగాక కొట్టించడం, బొగ్గు గోడ కావడం, ఎవరు వచ్చారు, ఎలా విడిపించారు, మెట్ల కింద టార్పాలిన్ కప్పింది ఏమిటి, అది ఎన్ని వానాకాలాలు ఈ కేంద్రాన్ని నడిపించింది. గొంతు పెంచలేదు. "ఆయన మీ జాబితాలో లేరు. ఆయన చేసింది మీ రిజిస్టరులో లేదు. మీరు కొన్నవాటిలో ఆ రెండూ లేకపోతే, వచ్చే వానకి నాలాంటివాళ్లు మళ్లీ సుత్తులు పట్టుకుంటారు."

పెద్దావిడ ముందున్న కాగితాల్లోంచి ఒకటి బయటికి తీసింది. అది సందర్శకుల పుస్తకంలో ఒక పుట నకలు.

"ఉదయం ఎనిమిదికి వచ్చి మధ్యాహ్నం రెండుకు వెళ్లాడు. సొంత పని అని రాసుంది. మిల్లు ఆగిన గంటలూ ఇవే. ఎవరా అని నిన్నటి నుంచి అనుకుంటున్నాను." మేనేజరు వైపు చూడకుండానే అంది: "ఆయన్ని తీసుకుంటాం. ఆ యంత్రాన్ని మళ్లీ పెట్టించండి, రిజిస్టరులో రాయించండి." తర్వాత ఆమె వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. "కానీ ఇది తెలిశాక ఇన్‌చార్జి పదవి మీకు ఇవ్వలేను. కనీసం రెండేళ్లు. అది తెలిసే చెప్పారా?"

"తెలిసే చెప్పానండి."

*

మధ్యాహ్నం బాబాయ్ కొత్త కార్డు మెడలో వేసుకుని వచ్చాడు. అప్పటికి వాన వెలిసింది. ఆమె టార్పాలిన్ మడతపెట్టి, పట్టా ముక్క తుడుస్తోంది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహం ధుమధుమలాడుతోంది.

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"బాబాయ్..."

"చెప్పొద్దన్నానా లేదా? ఆ నాలుగు గంటలూ దేనికి గీకాననుకున్నావ్? బొగ్గు కోసమా? వాళ్ల సంతకం కోసమా? నేనెలాగూ పోయేవాణ్ణే. ఆ ఇన్‌చార్జి కుర్చీలో నువ్వు కూర్చుంటే, ఈ బంకర్ల సంగతి తెలిసినోళ్లు ఒకరైనా ఉంటారని. బొగ్గు చప్పుడు చెవిపెట్టి విన్నావ్. నాలుగో దెబ్బ కొట్టకుండా ఆగావ్. ఐదో బంకరు వాడు చెప్పాడు నాకు. అలా ఆగడానికి నాకే ఆరేళ్లు పట్టింది. అలాంటిదానివి, చేతిదాకా వచ్చింది పోగొట్టుకుంటావా?"

ఇన్ని మాటలు ఆయన ఒక్కసారి అనడం ఎవరూ వినలేదు. బెల్టు దగ్గరి మనిషి పని ఉన్నట్టు అవతలికి వెళ్లిపోయాడు.

ఆమె కళ్లు నిండాయి కానీ తుడుచుకోలేదు. చేతులకు గ్రీజు ఉంది.

బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలి గోనెపట్టా ముందు కూర్చున్నాడు. బోల్టుల వరస చూసుకున్నాడు. వేళ్లు ఇంకా పూర్తిగా సాగడం లేదు. మొదటి బోల్టు రెండుసార్లు జారిపోయింది. ఆమె ఎదురుగా కూర్చుని, బోల్టు తీసుకుని రంధ్రంలో పెట్టి తిప్పింది. ఆయన వద్దనలేదు. స్పానరు అందించాడు. సుద్ద గీతలు కలిశాయో లేదో చూసి, ఇంకొంచెం అన్నట్టు వేలితో చూపించాడు. ఆమె ఇంకొంచెం తిప్పింది. అలా ఒక్కో బోల్టే ఎక్కించుకుంటూ సాయంత్రమైంది. ఆఖరికి ప్యానెల్‌లో తీగ బిగించేటప్పుడు ఆయన దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాడు, చెయ్యి పెట్టలేదు.

పని అయ్యాక ఇద్దరూ మెట్లు దిగారు. దూరంగా చిమ్నీ మీద దీపాలు వెలిగాయి. గేటు దగ్గర బాబాయ్ ఆగి, అటు చూస్తూ అడిగాడు.

"రేపటి నుంచి నీది ఏ షిఫ్టు?"

"ఉదయం బాబాయ్. వారమంతా."

"ఊ." కార్డు పెట్టాడు, గేటు తెరుచుకుంది. దాటాక వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నేనూ ఉదయమే వేయించుకున్నా."